రోయింగ్ మెషీన్ ఎక్కాక మోకాలు నొప్పా? సైకిల్ తొక్కేవాళ్ల ప్రశ్నలకు జవాబులు

వానలు మొదలైతే చాలామంది సైకిల్ గోడకు ఆనించి జిమ్‌లోని రోయింగ్ మెషీన్ (జారే సీటు మీద కూర్చుని, పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే మెషీన్) ఎక్కుతారు. ఆ తర్వాత కొన్ని వారాలకు మోకాళ్ల గురించి నాకు ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి వచ్చిన వాటిలోంచి మూడు తీసుకున్నాను. వృత్తిరీత్యా నేను ఫిజియోథెరపిస్టును. ఉండేది విజయవాడ. తెల్లవారుజామున కరకట్ట రోడ్డు మీద సైకిల్ తొక్కుతాను, వానాకాలంలో రోయింగ్ చేస్తాను. అందుకే ఈ విషయం నాకు ఇటు క్లినిక్ నుంచీ తెలుసు, అటు సీటు మీద నుంచీ తెలుసు.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం. చాలా ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లి వస్తాను. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) కూడా పూర్తి చేశాను. మోకాళ్లు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. వానల వల్ల ఈమధ్య మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో వారానికి నాలుగు రోజులు, అరగంట చొప్పున రోయింగ్ చేస్తున్నాను. డాంపర్ (చక్రానికి గాలి ఎంత తగలాలో 1 నుంచి 10 వరకు మార్చే మీట) 10లో పెడతాను, నిమిషానికి 30 స్ట్రోక్‌లు లాగుతాను. వాన తెరిపిస్తే సైకిల్ కూడా మానలేదు. మూడు వారాల్లోనే రెండు మోకాళ్లూ ముందు వైపు నొప్పి. మెట్లు దిగేటప్పుడు, ఆఫీసులో చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ. రోయింగ్ సైక్లిస్టుల మోకాళ్లకు పడదా? మానేయాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మానేయక్కర్లేదండీ. మీరు చేస్తున్న పద్ధతి మాత్రం ఈ రోజు నుంచే మార్చాలి.

ముందు నొప్పి గురించి. మెట్లు ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ, చాలాసేపు కూర్చుని లేస్తే ఎక్కువ అన్నారు. మోకాలి చిప్ప, దాని వెనక ఉన్న తొడ ఎముక కలిసే చోట ఒత్తిడి ఎక్కువైతే మామూలుగా ఇలాగే ఉంటుంది. చేత్తో పరీక్షించకుండా ఉత్తరం చూసి తేల్చి చెప్పకూడదు కానీ, మీరు రాసినవన్నీ అటువైపే చూపిస్తున్నాయి. సైక్లిస్టుల్లో నేను ఎక్కువగా చూసే మోకాలి నొప్పి ఇదే. చాలామందికి ఆపరేషన్, ఇంజెక్షన్ లాంటివేవీ లేకుండా తగ్గుతుంది.

సైకిల్ మీద లేని నొప్పి మెషీన్ మీద ఎందుకొచ్చింది? మోకాలు ఎంత వంగుతోందో చూస్తే తెలుస్తుంది. కాలు నిటారుగా ఉన్నప్పుడు 0 డిగ్రీలు అనుకోండి. సైకిల్ మీద పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు సుమారు 110 డిగ్రీలు వంగుతుంది. అడుగుకు వెళ్లినప్పుడు కూడా పూర్తిగా చాపుకోదు, 25 నుంచి 35 డిగ్రీల వంపు మిగిలే ఉంటుంది. ఏళ్ల తరబడి మీ మోకాళ్లు పనిచేసింది ఈ మధ్యలోనే. రోయింగ్‌లో ముందుకు పూర్తిగా జరిగినప్పుడు మోకాలు 120 డిగ్రీల వరకు, కొందరికి అంతకంటే ఎక్కువే వంగుతుంది. వెనక్కి వెళ్లాక దాదాపు నిటారుగా చాపుకుంటుంది. అంటే మీ మోకాళ్లకు అలవాటు లేని రెండు కొసల దగ్గర కొత్తగా పని పడింది. పైగా సైకిల్ మీద గట్టిగా తొక్కేది పెడల్ పైనుంచి కాస్త కిందికి దిగాక. రోయింగ్‌లో మోకాలు బాగా ముడుచుకుని ఉన్న చోటే బలంగా తన్నడం మొదలవుతుంది. చిప్ప మీద ఒత్తిడి పెరిగేది అక్కడే.

మరి ఎన్నిసార్లు వంగుతోంది? నిమిషానికి 85 సార్లు పెడల్ తిప్పితే గంటకు ఒక్కో మోకాలు 5,100 సార్లు వంగుతుంది. రోయింగ్‌లో నిమిషానికి 20 స్ట్రోక్‌ల చొప్పున గంట చేసినా 1,200 సార్లే. ఈ లెక్క చూసి రోయింగ్ తేలిక అనుకుంటారు. సైకిల్ మీద ఒక్కోసారి పడే బరువు తక్కువ, సార్లు ఎక్కువ. రోయింగ్‌లో సార్లు తక్కువ, ఒక్కోసారి పడే బరువు ఎక్కువ. రెండూ చేసే మనిషికి ఆ రెండూ కలిసి పడతాయి. మీరు సైకిల్ తగ్గించకుండానే వారానికి రెండు గంటల రోయింగ్ దాని మీద వేశారు.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్న మాట ఒకటుంది. మామూలు మనిషి మొదటిసారి రోయింగ్ మెషీన్ ఎక్కితే 5 నిమిషాలకే ఆయాసం వచ్చి దిగిపోతాడు. ఆ ఆయాసమే అతని మోకాళ్లను కాపాడుతుంది. భీమిలి వెళ్లి వచ్చే మనిషికి అరగంటైనా ఆయాసం రాదు. గుండె, ఊపిరితిత్తులు, తొడ కండలు మొదటి రోజే సిద్ధంగా ఉంటాయి. చిప్ప కింద ఉండే టెండన్ (కండను ఎముకకు కలిపే పట్టీ), కీలు లోపలి పొరలు కొత్త పనికి అలవాటు పడటానికి వారాలు, నెలలు తీసుకుంటాయి. 'నేను ఫిట్‌గానే ఉన్నాను కదా' అనుకుని మొదటి వారమే అరగంటలు చేసే సైక్లిస్టులే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఎంతసేపు చేయాలనేది ఆయాసాన్ని అడిగి కాదు, మర్నాడు పొద్దున మెట్లు దిగుతూ మోకాలిని అడిగి నిర్ణయించుకోండి.

ఇప్పుడు డాంపర్. సైక్లిస్టుకు ఇది చెప్పడం తేలిక, ఎందుకంటే జిమ్‌లలో కనిపించే కాన్సెప్ట్2 కంపెనీ మెషీన్ పుట్టిందే సైకిల్ నుంచి. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో డ్రైసిగాకర్ అన్నదమ్ములు 1981లో తెచ్చిన మొదటి కాన్సెప్ట్2 మెషీన్‌లో తిరిగింది సైకిల్ చక్రమే. గాలిని కోయడానికి దానికి రెక్కలు తగిలించారు. ఇప్పటి మెషీన్లలోనూ సూత్రం మారలేదు, మీరు ఎంత బలంగా లాగితే గాలి అంత ఎదురు తిరుగుతుంది. డాంపర్ 10 అంటే పెద్ద గేర్ వేసుకుని తొక్కడం లాంటిది. చక్రం త్వరగా నెమ్మదిస్తుంది కాబట్టి ప్రతి స్ట్రోక్‌లోనూ దాన్ని మళ్లీ మొదటి నుంచి కదిలించాలి. ఆ బరువంతా మోకాలు ముడుచుకుని ఉన్నప్పుడే పడుతుంది. 10లో పెడితే వ్యాయామం ఎక్కువ అవుతుందన్నది ఒట్టి అపోహ. 3కీ 5కీ మధ్య పెట్టుకుని కూడా చెమటలు కక్కేలా లాగొచ్చు. జిమ్ మెషీన్లలో దుమ్ము పేరుకుంటే గాలి సరిగా ఆడదు, అప్పుడు ఒక మెషీన్ మీది 5 ఇంకో మెషీన్ మీది 3లా ఉంటుంది. కాన్సెప్ట్2 అయితే మానిటర్‌లో డ్రాగ్ ఫ్యాక్టర్ (గాలి నిజంగా ఎంత ఎదురు తిరుగుతోందో చెప్పే అంకె) చూసుకునే వీలుంది. మోకాలు నొప్పి ఉన్నవాళ్లను నేను 110 దగ్గర మొదలుపెట్టమంటాను.

నిమిషానికి 30 స్ట్రోక్‌లు పోటీల్లో లాగేవాళ్ల వేగం. సైకిల్ మీద 85, 90 కాడెన్స్‌కు (నిమిషానికి పెడల్ తిప్పే సార్లు) అలవాటైన కాళ్లకు 20 మరీ నెమ్మదిగా అనిపిస్తుంది, అందుకే తొందరపడతారు. తొందరలో ఏమవుతుందంటే, వెనక్కి తన్నాక సీటు రివ్వున ముందుకు వచ్చేస్తుంది, ఆ ఊపులో మోకాలు అవసరానికి మించి ముడుచుకుంటుంది, ముడుచుకున్న చోటే శరీరం బరువంతా ఆగి మళ్లీ వెనక్కి తిరగాలి. 18 నుంచి 20కి తగ్గించండి. వెనక్కి వెళ్లడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ముందుకు రావడానికి తీసుకోండి. వెనక్కి వెళ్లేటప్పుడు ముందు కాళ్లు తన్నాలి, తర్వాత నడుము వాలాలి, చివర్న చేతులు లాగాలి. ముందుకు వచ్చేటప్పుడు చేతులు, నడుము, ఆఖర్న మోకాళ్లు. చాలామంది సైక్లిస్టులు చేతులు చాచకముందే మోకాళ్లు మడిచేస్తారు. హ్యాండిల్ మోకాళ్లకు తగలకుండా పైకెత్తి దాటిస్తుంటే మీరూ అదే చేస్తున్నట్టు.

ముందుకు ఎంతవరకు రావాలి? మోకాలి నుంచి చీలమండ వరకు ఉన్న కాలు నేలకు నిటారుగా నిలిచే వరకు చాలు. మోకాలు చీలమండను దాటి ముందుకు పోకూడదు. మడమ కాస్త లేస్తే ఫర్వాలేదు. గట్టి అడుగున్న సైకిల్ బూట్లలో ఏళ్లు గడిపిన వాళ్లకు చీలమండ బిగుసుకుని ఉంటుంది, మడమ లేవకుండా రావడం కుదరదు. మీకు ఇప్పుడు నొప్పి ఉంది కాబట్టి కొన్నాళ్లు అంతవరకు కూడా రావద్దు. సీటు జారే పట్టా మీద ఒకచోట రంగు టేపు అంటించుకోండి. మోకాలు 90 డిగ్రీలు వంగే చోటు చూసి పెట్టుకుంటే సరిపోతుంది. సీటు ఆ టేపు దగ్గర ఆగాలి. నొప్పి లేని వారం గడిచాక టేపును రెండు వేళ్లంత ముందుకు జరపండి.

పాదాల సంగతి రెండు ముక్కల్లో. స్ట్రాప్ పాదం వెడల్పుగా ఉండే చోట పడాలి, వేలు దూరేంత వదులుగా ఉండాలి. బిగించేస్తే పాదాలతో సీటును ముందుకు లాక్కోవడం అలవాటవుతుంది, దాంతో మోకాలి వెనక కండరాలు పట్టేస్తాయి. మోకాళ్లు బయటికి విచ్చుకోకుండా, లోపలికి వాలకుండా రెండో కాలి వేలి దిశలో కదలాలి. వెనక్కి వెళ్లాక మోకాలిని టక్కున బిగించవద్దు.

సైకిల్‌ను కూడా ఒకసారి చూసుకోండి. నొప్పి రోయింగ్‌తో మొదలైనా, సీటు అర అంగుళం దిగిపోయి ఉంటే అది ఇప్పుడు బయటపడుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా ఉండాలి, నడుము పక్కకు ఒరగకూడదు. మోకాలు బాగా వంగే ఉంటే సీటు తక్కువైందన్నమాట. తక్కువ సీటు, పెద్ద గేర్, కైలాసగిరి లాంటి ఎత్తు... ఈ మూడూ చిప్పకు పడవు. కొన్నాళ్లు చిన్న గేర్లలో, చదును రోడ్డు మీద తొక్కండి.

వారం రోజులు రోయింగ్ ఆపండి. సైకిల్ నొప్పి పెట్టనంత వరకు తొక్కండి. తర్వాత వారానికి రెండు రోజులు, 8 నుంచి 10 నిమిషాలు, డాంపర్ 3 లేదా 4, టేపు వరకే. ఆదివారం భీమిలి వెళ్తే సోమవారం మెషీన్ ఎక్కవద్దు. నొప్పికి 10కి మార్కులు వేసుకుంటే 3 మించనిది, అదీ మర్నాడు పొద్దుటికి మామూలైపోయేది ఉంటే కొనసాగించవచ్చు. మించితే అంతకు ముందు వారం చేసినంతే చేయండి. ఇలా వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే దీపావళి దాటేసరికి మళ్లీ అరగంట చేయగలుగుతారు.

ఇంట్లో ఒక్క వ్యాయామం ఎంచుకోమంటే మెట్టు మీద చేసేది చెబుతాను. తక్కువ ఎత్తు మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో కాలి మడమ నేలను తాకేలా మెల్లగా దిగి, మళ్లీ పైకి లేవాలి. ఒక్కో కాలికి 8 సార్ల చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. నిలబడ్డ కాలి మోకాలు లోపలికి వాలుతుంటే పిరుదు కండలు బలహీనంగా ఉన్నట్టు. సైకిల్ మాత్రమే తొక్కేవాళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. వాళ్లు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జ్ కూడా చేయాలి.

మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయి కదలకపోయినా, నడుస్తుంటే పట్టు తప్పినా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా ఇవన్నీ పక్కన పెట్టి ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. పిక్క వాచి వేడిగా, నొప్పిగా ఉంటే అదే రోజు వెళ్లాలి.

ప్రశ్న: అమ్మా, నాకు 59 ఏళ్లు. టీచర్‌గా రిటైరయ్యాను. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని ఎక్స్‌రే చూసి చెప్పారు. మా అబ్బాయి కొనిచ్చిన సైకిల్ మీద వారానికి మూడు రోజులు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన, పైన సోలార్ పలకలున్న సైకిల్ ట్రాక్ మీద తొక్కుతాను, హాయిగా ఉంది. ఇప్పుడు రోయింగ్ మెషీన్ కూడా కొనిస్తానంటున్నాడు. ఉన్న గుజ్జు కూడా పోతుందని మా చెల్లెలు భయపెడుతోంది.
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: టీచరుగారూ, ముందు ఆ భయం వదిలేయండి. గుజ్జు అంటే ఎముకల చివర్లకు ఉండే నున్నటి పొర. దానికి నేరుగా రక్తం అందదు, కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. కదలకుండా కూర్చోవడమే దానికి ఎక్కువ నష్టం. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినా నొప్పి అంతగా లేనివాళ్లు ఉన్నారు, ఎక్స్‌రే బాగానే ఉండి మెట్లు ఎక్కలేనివాళ్లూ ఉన్నారు. తొడ కండ ఎంత బలంగా ఉంటే మోకాలికి అంత ఆసరా. ఆ సోలార్ పలకల నీడ కింద 23 కిలోమీటర్ల ట్రాక్ మీద మీరు తొక్కుతున్న సైకిల్ మీకు మందులా పనిచేస్తోంది, దాన్ని మాత్రం దేనికోసమూ తగ్గించవద్దు.

రోయింగ్‌లో గెంతడం, దూకడం లేవు. శరీరం బరువు సీటు మీదే ఉంటుంది. కాబట్టి అరుగుదల ఉన్నవాళ్లు చేయకూడదనే నియమమేమీ లేదు. అయితే మీరు పూర్తిగా ముడుచుకునే దాకా రావద్దు. ఒక చిన్న పరీక్ష చెబుతాను. కుర్చీ పట్టుకుని గొంతుకూర్చోగలరా? నొప్పి ఎక్కడ మొదలవుతుందో అంతకు కొంచెం ముందే మెషీన్ మీద కూడా ఆగాలి. చాలామందికి సగం దూరం చాలు. డాంపర్ 2 లేదా 3, నిమిషానికి 18 స్ట్రోక్‌లు, మొదట్లో 5 నిమిషాలు.

మీ విషయంలో నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. మెషీన్ ఎక్కడం, దిగడం. మామూలు కాన్సెప్ట్2 మెషీన్ సీటు నేల నుంచి 14 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. చిన్న పీట మీద నుంచి లేచినంత కష్టం. రోయింగ్ చేసినంతసేపూ లేని నొప్పి లేచేటప్పుడు వచ్చిందని చెప్పినవాళ్లు నాకు తెలుసు. 20 అంగుళాల ఎత్తున్న మోడల్ ఉంది, ఖరీదు ఎక్కువే. మీ అబ్బాయి కొనేముందు మిమ్మల్ని ఎక్కడైనా జిమ్‌కు తీసుకెళ్లి, రెండు ఎత్తుల సీట్ల మీదా కూర్చుని లేచి చూడమనండి. చేతి ఆసరా లేకుండా 14 అంగుళాల నుంచి లేవలేకపోతే ఆ డబ్బు ఇప్పుడే పెట్టవద్దు. ముందు ఇంట్లో ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రోజుకు 10 సార్ల చొప్పున రెండు విడతలు, రెండు నెలలు చేయండి. కుర్చీ ఎత్తు మెల్లగా తగ్గించుకుంటూ రండి. తర్వాత మెషీన్ సంగతి చూద్దాం.

మోకాలు వాచి వేడిగా ఉన్న రోజుల్లో రోయింగ్ వద్దు. రోయింగూ సైకిలూ రెండూ కూర్చుని చేసేవే కాబట్టి, మీ వయసులో ఎముకల బలం కోసం రోజూ కాసేపు నడవండి.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాను, 34 ఏళ్లు. చలికాలం మంచు వల్ల ఇంట్లోనే సైకిల్ ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద తొక్కుతూ, మధ్యమధ్యలో రోయింగ్ చేస్తుంటాను. రోయింగ్‌లో మోకాలు చాపినప్పుడల్లా టక్ టక్‌మని శబ్దం వస్తోంది, నొప్పి లేదు. ఏమైనా అరుగుతోందా? ఇంకో డౌట్, రోయింగ్ వల్ల సైక్లింగ్ మెరుగవుతుందా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: నొప్పి, వాపు లేని శబ్దం గురించి టెన్షన్ పడకండి. కీలు లోపలి ద్రవంలో గాలి బుడగల వల్ల, టెండన్లు ఎముక మీదుగా జారడం వల్ల ఇలాంటి శబ్దాలు వస్తాయి. అంతమాత్రాన అరుగుతున్నట్టు కాదు. సైకిల్ మీద మోకాలు పూర్తిగా చాపుకోదు కాబట్టి అక్కడ మీకు వినిపించలేదు, మెషీన్ మీద వినిపిస్తోంది. చాపేటప్పుడు చివర్లో బిగించకుండా నెమ్మదిగా ఆపి చూడండి, చాలామందికి శబ్దం తగ్గుతుంది. శబ్దంతో పాటు నొప్పి వస్తే మాత్రం చూపించుకోవాలి.

రెండో డౌట్‌కు జవాబు అవును, కొంతవరకు. గుండె, ఊపిరితిత్తులు, తొడల బలం రెండింటికీ ఉమ్మడి. బ్రిటన్‌కు చెందిన రెబెకా రొమెరో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం, 2008 బీజింగ్‌లో ట్రాక్ సైక్లింగ్‌లో స్వర్ణం గెలిచింది. న్యూజిలాండ్ ఆటగాడు హామిష్ బాండ్ రెండు ఒలింపిక్స్‌లో రోయింగ్ స్వర్ణాలు గెలిచి, కొన్నేళ్లు సైక్లింగ్ చేసి, మళ్లీ పడవ ఎక్కి టోక్యోలో మూడో స్వర్ణం తెచ్చుకున్నాడు. అయినా పెడల్ తిప్పే నైపుణ్యం పెడల్ మీదే వస్తుంది. మీకు వసంతంలో రోడ్డు మీద వేగం కావాలంటే వారంలో ఎక్కువ రోజులు ట్రైనర్‌కే ఇచ్చి, రోయింగ్ రెండు రోజులు పెట్టుకోండి. సైక్లిస్టుల నడుము ముందుకు వంగే ఉంటుంది కదా, అదే వంపుతో ఏకబిగిన గంటసేపు రోయింగ్ చేస్తే మోకాలికంటే ముందు నడుము పట్టేస్తుంది. 15 నిమిషాలకోసారి లేచి, నిటారుగా నిలబడి, నాలుగు అడుగులు వేసి మళ్లీ కూర్చోండి.